కోతకు ముందే చల్లిన మినుములు

ముప్పై ఏడు పేర్ల పక్కనా ఒకటే మాట ఉంది. తిరస్కరించడమైనది.

అవనిగడ్డలో పథకం ఆఫీసు మెట్ల మీద నిలబడి హసీనా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. నాలుగో పేరు తాతమ్మది. పదకొండోది గణపతిది. చిట్టచివరిది తనది. మిగతా ముప్పై ఆరు ఫారాలూ తన చేత్తో నింపినవే. ఊళ్ళో గ్రూపు లీడరు పని ఆమెది. జీతం లేదు. పథకం బొమ్మ ఉన్న ఒక సంచీ ఇచ్చారు.

పథకం పేరు నేల కాపుదల. వరి కోశాక గడ్డి తగలబెట్టకూడదు, దుక్కి దున్నకూడదు, నేలని బోసిగా ఎండబెట్టకూడదు, వెంటనే ఇంకో పంటతో కప్పాలి. అలా చేసిన రైతుకి ఎకరానికి నాలుగు వేలు. దివిసీమలో ఇదేం కొత్త కాదు. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లేస్తారు. పైన మిషను వరి కోసుకుపోతుంది, కింద మినుము మొలుస్తుంది. నేలకి ఎండ సోకే తీరిక కూడా ఉండదు. తాతల నాటి నుంచి ఊరికే చేస్తున్న పనికి సర్కారు డబ్బిస్తానంటే ఎవరు వద్దంటారు?

అయితే పథకం రాసినవాడెవడో వరిచేలో కాలు పెట్టినవాడు కాదు. ఫారంలో రెండు గళ్ళు పెట్టాడు. వరి కోత పూర్తయిన తేదీ, తర్వాతి పంట విత్తిన తేదీ. హసీనా ఉన్నదున్నట్టు రాసింది. గణపతి మినుములు చల్లింది నవంబరు ఇరవై ఎనిమిదిన. వరి కోసింది డిసెంబరు ఒకటిన. అందరివీ అలాగే. కోయకముందే విత్తనం పడిందంటే కంప్యూటరు ఒప్పుకోలేదు. తప్పుడు సమాచారం అంది. ఒక గ్రూపులో ఒక్క ఫారం తప్పయినా గ్రూపు మొత్తం ఆగిపోతుంది. ఇక్కడ అన్నీ తప్పే.

పైన గదిలో వెంకట్రామయ్య గారు ఉన్నారు. పథకానికి ఇక్కడి ఆఫీసరు ఆయనే. ఊరు కూడా ఈ చుట్టుపక్కలదే. హసీనా చెప్పింది వినకుండానే తల ఊపాడు.

"నాకు తెలుసమ్మా. మా నాన్న కూడా వరిలోనే చల్లేవాడు. నాకు తెలిసి లాభమేంటి, దానికి తెలియాలిగా" అని గడ్డంతో కంప్యూటరు వైపు చూపించాడు.

తేదీలు మార్చి మళ్ళీ పంపితే ఎలా ఉంటుందని ఆమె అడిగింది. అది ఇంకా ప్రమాదమన్నాడు. ఫారంతో పాటు విత్తనాలు చల్లుతున్న ఫొటోలు కూడా వెళ్ళాయి. ప్రతి ఫొటోలోనూ రైతు చేతిలో బేసిను, వెనక నడుమెత్తు పసుపచ్చని వరి. ఇప్పుడు కోతయ్యాక చల్లామని రాస్తే ఫొటోలు అబద్ధమవుతాయి, దొంగ ఫారాలు పెట్టిందని కేసు లీడరు మీద పడుతుంది.

మరి దారేమిటంటే ఒక్కటే ఉందన్నాడు. తనిఖీకి అభిషేక్ అని ఒక కుర్రాడు వస్తాడు. నిలబడి ఉన్న వరిలో మినుము మొలకలు అతను కళ్ళారా చూసి, ఫొటో తీసి, కంప్యూటరు కొట్టేయలేని తనిఖీ ఫారం ఒక్క చేనుకి పూర్తి చేసి పంపిస్తే, ఇది ఈ ప్రాంతపు పద్ధతేనని తను పైకి రాసి మిగతావి పాస్ చేయించగలడు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి జాబితా మూసేస్తారు. ఆ తర్వాత ఏ ఫారం పంపినా చెల్లదు.

"కోయని చేను ఇంకా ఎవరిదైనా ఉందా మీ ఊళ్ళో?"

ఉంది. ఊరంతటికీ ఒక్క ఎకరం. అది హసీనాదే.

ఆమె కౌలుకి చేసే ఎకరం కాలవ చిట్టచివర ఉంది. అక్కడికి నీళ్ళు అందరి తర్వాత వస్తాయి. అందుకే నాట్లు పదిహేను రోజులు వెనకబడ్డాయి. శనివారమే ఆమె, మావగారు అల్లాబక్షు కలిసి మినుములు చల్లారు. ముసలాయన చెప్పులు విప్పి చేలోకి దిగి, మడమ నొక్కి చూసి, గుంటలో నీరు ఊరలేదు, తడి మాత్రం మెరిసింది, ఇంక చల్లమన్నాడు. మంగళవారం పొద్దున్నకి కోత మిషను మాట్లాడుకుంది. ఈ రోజు సోమవారం. కోత కాలేదు కాబట్టి తన ఫారం ఇంకా పెట్టనే లేదు, గ్రూపుతో పాటు పేరు పోయింది.

సాయంత్రం గ్రూపు వాళ్ళు సిమెంటు బల్లల దగ్గర కూడారు. కబురు ఆమె కంటే ముందే ఊరు చేరింది. గణపతికి యాభై ఐదేళ్ళు, నోరు పెద్దది, ఊళ్ళో అతని మాట ముందు ఇంకో మాట లేవదు. పక్క ఊరి లీడరు చల్లేటప్పుడు ఫొటోలే తీయలేదట. కోతయ్యాక ఉత్త బేసిన్లు ఇచ్చి కోసిన వరి మోళ్ళ మధ్య నిలబెట్టి తీశాడట. వాళ్ళ జాబితా మొత్తం పాసయిందట.

"ఇంటరు దాకా చదివావు, ఒక్క అబద్ధం ఆడటం చేతకాలేదేమ్మాయ్ నీకు" అన్నాడు గణపతి.

కొందరు నవ్వారు. తాతమ్మ నవ్వలేదు. అర ఎకరం ఆసామి ఆవిడ. ఆ రెండు వేలు ఎప్పుడొస్తాయని నెల రోజులుగా రోజూ అడుగుతోంది.

హసీనా దారేమిటో చెప్పింది. తన చేను కోయకుండా ఆపాలి, అభిషేక్ వచ్చి చూసేదాకా. ఆకాశం అప్పటికే తూర్పు వైపు మసకగా ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని అందరి ఫోన్లలోనూ వచ్చింది. పండిన వరి మీద వాన పడితే ఏమవుతుందో అక్కడ చెప్పనక్కర్లేదు.

"ఒక్క రోజేగా, ఆపు" అన్నాడు గణపతి.

"వాన పడితే, బాబాయ్?"

"పడితే మేం లేమా? మేం చూసుకుంటాంలే."

చూసుకుంటాం, చూసుకుంటాం అని పదిమంది అన్నారు. ఎవరు ఏం చూసుకుంటారో ఒక్కళ్ళూ చెప్పలేదు. గుంపులో ఇచ్చే మాట అలాగే ఉంటుంది. అందరి నోట్లోంచీ వస్తుంది, ఎవరి ఇంటికీ వెళ్ళదు.

మంగళవారం ఎనిమిదింటికి మిషను వచ్చి గట్టు పక్కన ఆగింది. అభిషేక్ పదింటికి వస్తానన్నాడు. డ్రైవరుని బతిమాలి కూర్చోబెట్టింది. టీ తెప్పించింది, ఇంకో టీ తెప్పించింది. పదకొండింటికి ఫోను వచ్చింది. బందరులో మీటింగు పెట్టారండి, గురువారం తప్పకుండా వస్తానండి అని. డ్రైవరు కప్పు కింద పెట్టి లేచాడు. ఇక్కణ్ణించి పమిడిముక్కల వైపు వెళ్తే ఎనిమిది రోజుల దాకా ఇటు రానన్నాడు. ఇప్పుడు కోయమంటే గంటన్నరలో అయిపోతుందన్నాడు. ఆమె చేను వైపు చూసింది. తర్వాత చేతిలో ఉన్న ముప్పై ఏడు పేర్ల కాగితం వైపు చూసింది. వెళ్ళమని చెప్పింది.

మిషను వెళ్తున్న చప్పుడు చాలా దూరం దాకా వినపడింది.

బుధవారం అల్లాబక్షు గట్టు మీదే కూర్చున్నాడు. కోడల్ని ఒక్క మాట అనలేదు. అనుంటే ఆమెకి కాస్త తేలికగా ఉండేది. మధ్యాహ్నం ఒక కంకి తుంచి, అరచేతిలో నలిపి, గింజలు ఆమెకి చూపించాడు. నలపకుండానే సగం రాలిపోయాయి.

"వరి మన కోసం ఆగదు హసీనా. ఆఫీసర్ల కోసం అసలే ఆగదు."

ఆమె వంగి మొదళ్ళ మధ్య వేళ్ళు పెట్టి చూసింది. మినుము మొలిచింది. పసుపు కలిసిన లేత ఆకుపచ్చ, వెలుతురు కోసం మెడ సాగదీసుకుంటూ. ఇంకా ఎక్కువ రోజులు వరి నీడలో ఉంటే అది కూడా పీలగా పొడుగెక్కి పడిపోతుంది. పైదీ ప్రమాదంలో ఉంది, కిందదీ ప్రమాదంలో ఉంది.

సాయంత్రం బందరు నుంచి భర్త జాహిద్ ఫోను చేశాడు. గిల్టు నగల పనిలో ఉంటాడు, వారానికోసారి వస్తాడు. కోతయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందంది. ఎన్ని బస్తాలు అయ్యాయని అడిగితే ఇంకా ఎత్తలేదని చెప్పి పెట్టేసింది. అబద్ధం ఆడటం చేతకాదన్న గణపతి వింటే బాగుండును అనిపించింది.

గురువారం అభిషేక్ కృత్తివెన్నులో చెరువుల దగ్గర ఇరుక్కుపోయాడు. బండి చక్రం పంక్చరు. శుక్రవారం, అదీ పొద్దున్నే అన్నాడు. మూడు గంటలకి తుంపర మొదలైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. హసీనా అన్నం ముందు కూర్చుని లేచింది. తాతమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి, చేను ఎలా ఉంది పిల్లా అని అడిగింది. ఆ నాలుగు రోజుల్లో డబ్బు గురించి కాకుండా చేను గురించి అడిగిన మనిషి ఆవిడొక్కతే.

శుక్రవారం తెల్లవారేసరికి గట్టి వాన పడి వెలిసింది. గాలి కూడా తోడొచ్చింది. హసీనా వెళ్ళి చూసేసరికి ఎకరం చేనూ పడమటి వైపుకి ఒరిగి పడుకుని ఉంది. ఎవరో పెద్ద చెయ్యి పెట్టి అదిమినట్టు. కంకులు నేలకి ఆనలేదు ఇంకా, చాలాచోట్ల వేలెడు ఎత్తులో ఉన్నాయి. రేపటికి ఆనుతాయి. ఎల్లుండికి గింజ మొలకెత్తుతుంది. అప్పుడది వడ్లూ కాదు, విత్తనమూ కాదు.

అభిషేక్ పదకొండున్నరకి వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. మర్యాదస్తుడు, ఆలస్యానికి రెండుసార్లు క్షమించమన్నాడు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, ఆమె వెనకే చేలోకి దిగాడు. హసీనా పడిన వరిని రెండు చేతులతో పాయలుగా తీసి కింద చూపించింది. ప్రతి మొలకకీ రెండేసి ఆకులు. అతను చాలాసేపు వంగి చూశాడు.

"మాది మెట్ట ప్రాంతం మేడమ్. మా వైపు దున్నకుండా గింజ వేయరు. నేను నిజంగా మీరు తేదీలు తారుమారు రాశారనే అనుకున్నాను."

ఫొటోలు తీశాడు. ఫోన్లో ఒక్కొక్క గడీ నింపుకుంటూ వెళ్ళాడు. గట్టు మీద గణపతి, ఇంకో ఏడెనిమిది మంది చేరారు. అందరి కళ్ళూ ఆ ఫోను మీదే. అభిషేక్ వేలు ఒకచోట ఆగిపోయింది.

వరి కోత పూర్తయిన తేదీ. అది నింపకుండా ముందుకి వెళ్ళదు. కింద కోసిన చేను ఫొటో కూడా అడుగుతోంది. ఈ చేలో నిలబడి తీస్తేనే తీసుకుంటుంది. అతను వెంకట్రామయ్య గారికి ఫోను చేశాడు. ఆయన అటు నుంచి, ఫారం పూర్తికాకపోతే తను ఏం రాసినా నిలబడదని, సాయంత్రం ఆరింటిదాకా టైము ఉందని చెప్పాడు.

వరి కోయకుండా నిలబెడితేనే నిజమని నమ్ముతారు. కోస్తేనే ఫారం ముగుస్తుంది. రెండూ ఒకే రోజు కావాలి. ఇలాంటిది ఆలోచించి పెట్టడం ఎవరివల్లా కాదు. ఆలోచించకుండా పెడితేనే అవుతుంది.

గణపతి తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. పక్కనున్నవాళ్ళలో ఇద్దరు మెల్లగా వెనక్కి తిరిగారు.

హసీనా గట్టెక్కి వాళ్ళకి అడ్డంగా నిలబడింది.

"మిషను దిగబడుతుంది, పైగా ఎనిమిది రోజులదాకా రాదు. చేత్తో కోయాలి. ఎకరం. ఇప్పుడు పన్నెండు. పాతికమంది దిగితే ఐదున్నరకి అయిపోతుంది. చూసుకుంటామన్నారుగా బాబాయ్. చూసుకోండి."

"తడి చేను ఎట్టా కోస్తామమ్మాయ్, గింజ నల్లబడిపోద్ది."

"నల్లబడేది నాది. మీదేం నల్లబడుతుంది?"

గణపతి ఫోను తీసి ఒకరి తర్వాత ఒకరికి కొట్టడం మొదలుపెట్టాడు. అందరికీ ఒకటే మాట. నీ నాలుగు వేలు కావాలంటే కొడవలి పట్టుకుని రా.

కొడవళ్ళు ఎక్కడున్నాయి? మిషన్లు వచ్చి పన్నెండేళ్ళయింది. కొందరివి తుప్పు పట్టాయి, కొందరివి గేదెల గడ్డికి వాడి మొండిబారాయి, ఒకాయన కూరగాయల కత్తి తెచ్చాడు. అల్లాబక్షు జుమ్మా నమాజు నుంచి తిన్నగా చేలోకే వచ్చాడు. దారిలో ఇంట్లోంచి ఆకురాయి మాత్రం తీసుకొచ్చి, గట్టు మీద కూర్చుని, ఒక్కొక్కళ్ళదీ తీసుకుని పదును పెట్టాడు. ఒంటిగంటన్నరకి లెక్కపెడితే ఇరవై రెండు మంది ఉన్నారు. మిగతావాళ్ళలో ముగ్గురు ఊళ్ళో లేరు. పన్నెండు మంది ఊళ్ళోనే ఉన్నారు.

పడిన వరి కోయడం నిలబడిన వరి కోయడం లాంటిది కాదు. అడుగడుగునా లేపి, పట్టుకుని, కోసి, పనలు పక్కన పడేయాలి. పైగా కింద మొలకలు తొక్కకూడదని హసీనా మొదటే చెప్పింది. కాళ్ళు మొదళ్ళ మీదే వేసుకుంటూ కోయమంది. గణపతి పదేళ్ళుగా నడుము వంచి ఎరగడు. మూడు బారలు కోసేసరికి చెయ్యి నడుము మీదకి వెళ్ళింది. తాతమ్మ అతన్ని దాటి ముందుకి వెళ్ళిపోతూ, నోటితో కోసేస్తే ఈపాటికి ఊరంతా కోసేసేవాడివి అంది. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వి మళ్ళీ వంగాడు.

హసీనా నవ్వలేదు. ప్రతి పది నిమిషాలకీ మిగిలిన ముక్క వైపు, తూర్పు వైపు, అభిషేక్ చేతిలో ఫోను వైపు చూస్తోంది. నాలుగింటికి ఇంకా సగం ఉంది. నాలుగున్నరకి సగానికి తక్కువ. వేలు తెగింది, చీర అంచు చింపి కట్టుకుంది. అయిదింటికి అభిషేక్ ఫోనులో చార్జింగు పన్నెండు శాతం అన్నాడు. స్క్రీను ఆపేసి జేబులో పెట్టుకోమంది. అతను పెట్టుకుని, ఊరికే నిలబడలేక, కోసిన పనలు వరసగా సర్దడానికి దిగాడు. తప్పుగా సర్దుతుంటే అల్లాబక్షు వెనకే వచ్చి తిప్పిపెట్టాడు.

అయిదూ నలభైకి చివరి మూల కోత పూర్తయింది. వెలుతురు ఇంకా కొంచెం ఉంది. అభిషేక్ చేను మధ్యకి వెళ్ళి ఫొటో తీశాడు. మోళ్ళు, పనలు, మధ్యలో పచ్చగా చుక్కలు చుక్కలుగా మినుము. విత్తిన తేదీ డిసెంబరు ఆరు. కోత పూర్తయిన తేదీ డిసెంబరు పన్నెండు. నొక్కాడు. చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఇక్కడ సిగ్నలు ఎప్పుడూ అంతే. చెయ్యి పైకెత్తి కాలవ గట్టు దాకా నడిచాడు. ఇరవై రెండు మందీ వెనకే నడిచారు. ఆరుకి ఏడు నిమిషాలు ఉన్నాయనగా వెళ్ళింది.

"అందినది. పరిశీలనలో ఉన్నది" అని చదివాడు.

అంటే పాసయినట్టా అని తాతమ్మ అడిగింది. పాసయినట్టు కాదండీ, పోయినట్టూ కాదండీ, వెంకట్రామయ్య గారు ఇప్పుడు రాయాలి, సోమవారం తెలుస్తుంది అన్నాడు. బూట్లు చేత్తో పట్టుకుని, హసీనాకి నమస్కారం పెట్టి బండెక్కాడు.

అతని వెనకే మనుషులు కదిలారు. నడుములు పట్టుకుని, కొడవళ్ళు భుజాన వేసుకుని, సోమవారం గురించి మాట్లాడుకుంటూ కాలవ గట్టు మీద ఊరి వైపు సాగారు. వాళ్ళకి కావలసిన తేదీ పడింది. చేలో ఎకరం వరి తడి నేల మీద పరుచుకుని ఉంది. తూర్పున మబ్బు మళ్ళీ కమ్ముకుంటోంది. ఈసారి నల్లగా. అల్లాబక్షు ఒక్కడూ వంగి పనలు ఏరి మోపు కడుతున్నాడు. డెబ్భై రెండేళ్ళు ఆయనకి. ఒక్కడూ ఎన్ని మోపులు ఎత్తగలడు.

హసీనా వెనక నుంచి పిలిచింది. అరిచే ఓపిక లేదు.

"బాబాయ్."

గణపతి ఆగాడు.

"మీ తేదీ నా చేనే కదా తెచ్చింది."

అతను వెనక్కి తిరిగి చూశాడు. నేల మీద పరిచి ఉన్న పనల్ని, మబ్బుని, ముసలాయన్ని చూశాడు. తడిసిన పనల్ని ఏం చేయాలో అతనికి బాగా తెలుసు. నోరు తెరిచాడు. ఈసారి నోట్లోంచి, చూసుకుంటాం అన్న మాట రాలేదు.

"ఎవరింట్లో ఎన్ని బరకాలు ఉన్నాయో తీసుకురండర్రా. రోడ్డు మీదకి ఎత్తి కప్పాలి. మోపులు ఎత్తకుండా ఎవడు ఇంటికెళ్తాడో చూస్తా."

ఆరుగురు అప్పటికే మలుపు తిరిగిపోయారు. వాళ్ళు రాలేదు. పదహారు మంది గట్టు దిగారు. గణపతి మొదటి మోపు నెత్తికెత్తుకుంటుంటే హసీనా వెనక నుంచి ఆసరా పట్టింది. రెండో మోపు ఎత్తుతుండగా ఆమె ఫోను మోగింది. జాహిద్.

"ఎన్ని బస్తాలు?" అన్నాడు.

"ఇంకా తెలీదు" అంది హసీనా. ఈసారి అది నిజమే.

మొదటి చినుకు ఫోను అద్దం మీద పడింది.